ముందు అన్నయ్య కూలి అడుగు, హాస్టల్ సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: మేడం, మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక ఆమదాలవలసలో ఉంటున్నాను. మా అన్నయ్యకి 31 ఏళ్ళు. పుట్టుకతో మానసిక వైకల్యం, సదరం సర్టిఫికెట్‌లో 75 శాతం అని ఉంది. మాట కొంచెం ముద్దగా వస్తుంది గానీ చెప్పింది అర్థం చేసుకుంటాడు. నాన్న జూట్ మిల్లులో చేసేవారు, సర్వీసులో ఉండగానే నాలుగేళ్ళ క్రితం పోయారు. ఇంట్లో అమ్మ, అన్నయ్య ఇద్దరే. ఏడేళ్ళుగా అన్నయ్య జంక్షన్‌లో టీ హోటల్లో తెల్లవారి 5 నుంచి 11 దాకా పనిచేస్తున్నాడు. నీళ్ళు మోస్తాడు, గ్లాసులు కడుగుతాడు, గ్రామ సచివాలయానికి టీలు పట్టుకెళ్తాడు. జీతం లేదు. టీ, టిఫిను, సంక్రాంతికి ఒక చొక్కా. అంతకుముందు ఉన్న కుర్రాడికి రోజుకి 250 ఇచ్చేవారట. అమ్మేమో “ఆళ్ళు సూసుకుంతన్నారు, సాలు. డబ్బులడిగితే పొమ్మంతారు” అంటుంది. పోయిన పైడితల్లమ్మ సిరిమాను సంబరానికి విజయనగరం వెళ్ళి జనంలో తప్పిపోయాడు, రాత్రి ఆర్టీసీ బస్సు కాంప్లెక్స్‌లో దొరికాడు. అప్పటినుంచి హైదరాబాదులో ఉన్న తమ్ముడు “హాస్టల్లో పెట్టేద్దాం, నెలకి 12 వేలు నేను కడతాను” అంటున్నాడు. అమ్మకి సుగరు, మోకాళ్ళ నొప్పులు. అమ్మ తర్వాత ఎవరు చూస్తారని నాకు నిద్ర పట్టడం లేదు. మా అత్తగారు “ఇక్కడికి తెచ్చేస్తావా ఏటి?” అని ఇప్పటినుంచే అంటున్నారు. హాస్టల్లో పెట్టడం తప్పా? కూలి అడగొచ్చా? – ఒక చెల్లెలు, ఆమదాలవలస

సమాధానం: అమ్మా, నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నా చిన్నకూతురి వయసుదానివై ఉంటావు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ ఏమంటుందో రాశావు, తమ్ముడు ఏమంటున్నాడో రాశావు, అత్తగారి మాట రాశావు, ఆఖరికి డబ్బులడిగితే హోటలాయన ఏమంటాడో కూడా రాశావు. అన్నయ్య ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. నిన్ను తప్పుపట్టడానికి అనడం లేదు. ఇరవై రెండేళ్ళు ఈ జిల్లాలో ఇలాంటి పిల్లలకి పాఠాలు చెప్పాను, నేను కూడా ఎన్నో ఇళ్ళలో అరుగు మీద కూర్చుని, ఆ పిల్లాడు నా పక్కనే ఉండగా, వాళ్ళమ్మ వైపు తిరిగి “వీడు అన్నం తనంతట తను తింటాడా అమ్మా?” అని అడిగినదాన్నే. అలవాటైపోతుంది. కాబట్టి ముందు అది చెయ్యి. “హాస్టల్‌కి వెళ్తావా?” అని అడిగితే అన్నయ్య నీ మొహం చూసి నీకు నచ్చే జవాబు చెప్పేస్తాడు, చాలామంది అంతే. అలా కాకుండా పొద్దున లేవగానే ఎక్కడికి వెళ్ళాలనుంది, రాత్రి ఎక్కడ పడుకోవాలనుంది, ఎవరితో కలిసి తినాలనుంది, ఇలా ఒక్కొక్కటి, రోజుకొకటి అడుగు. తమ్ముడికి హాస్టల్ ఆలోచన గట్టిగా ఉంటే అన్నయ్యని తీసుకెళ్ళి ఆ చోటు చూపించమను. గేటు లోపల గంట సేపు ఉంచితే ఆయన మొహమే చెబుతుంది.

హాస్టల్ తప్పా అని అడిగావు కాబట్టి నేను చేసిన ఒక తప్పు చెబుతాను. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో గజపతినగరం వైపు ఒక పల్లెలో పదిహేడేళ్ళ కుర్రాడు ఉండేవాడు. మాటలు పదో పన్నెండో. కానీ నాలుగు ఆవుల్ని తోలుకెళ్ళి, మేపి, చీకటి పడేలోపు ఎవరి ఆవుని వాళ్ళ గుమ్మం ముందు కట్టేసి వచ్చేవాడు. ఊళ్ళో పెళ్ళయితే విస్తళ్ళు తీసేవాడు, తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళు వస్తే రాత్రంతా వాళ్ళ వెనకే. అప్పుడే ట్రైనింగ్ అయి వచ్చిన నాకు అదంతా కనపడలేదు, “వీడికి శిక్షణ లేదు, ఇక్కడ పాడైపోతున్నాడు” అనిపించింది. నేనే వాళ్ళ నాన్నకి నచ్చజెప్పి పక్క జిల్లాలో ఒక హాస్టల్లో చేర్పించాను. ఏడాది దాటాక సంక్రాంతికి తీసుకొచ్చారు. శుభ్రంగా ఉన్నాడు, జుట్టు కత్తిరించారు, కాస్త ఒళ్ళు కూడా చేశాడు. కానీ కుండ పక్కనే కూర్చుని దాహమేస్తే నీళ్ళు ముంచుకోలేదు, ఎవరైనా ఇస్తారని చూస్తున్నాడు. ఆవులు గుమ్మాల ముందు నిలబడి ఉన్నాయి, ఏది ఎవరిదో మర్చిపోయాడు. అక్కడ వాళ్ళేమీ కొట్టలేదమ్మా, తిండి పెట్టకుండా మాడ్చలేదు. నలభై మందికి ముగ్గురు ఆయాలు, అందరికీ ఒకే గంటకి స్నానం, ఒకే గంటకి అన్నం, గేటుకి తాళం. ఎవరూ ఏదీ తనంతట తను చేసే అవసరం లేని చోట చేతకాకుండా పోవడానికి ఏడాది చాలు. వాళ్ళ నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, టీ ఇచ్చి పంపించాడు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

హాస్టళ్ళన్నీ చెడ్డవని నేను అనను. అసలు ఎవరూ లేని వాళ్ళుంటారు, ఇంట్లో కొట్టి చంపే వాళ్ళుంటారు, ఇరవై నాలుగు గంటలూ నర్సు చూసుకోవాల్సిన వాళ్ళుంటారు. మీ అన్నయ్య ఆ లెక్కలోకి రాడు. ఏడేళ్ళుగా తెల్లవారి 5 గంటలకి పనిలోకి వెళ్తున్న మనిషికి హాస్టల్ ఎందుకు? 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. వైకల్యం ఉన్నవాళ్ళకి అందరి మధ్య బతికే హక్కు ఉంది, ఫలానా చోటే ఉండాలని ఎవరూ బలవంతం చేయకూడదు. ఐక్యరాజ్యసమితి 2006లో చేసిన ఒప్పందంలో 19వ అధికరణం కూడా ఇదే మాట చెబుతుంది, దానికి మన దేశం 2007లోనే ఒప్పుకుంది. తమ్ముడు ఫోన్లో వాదిస్తే ఈ సెక్షన్ నంబరు చెప్పు, మగపిల్లలకి నంబరు చెబితే కాస్త వింటారు.

తమ్ముడి మీద విసుక్కోకు కూడా. నెలకి 12 వేలు కడతానన్నాడంటే బాధ్యత తెలిసినవాడే. ఆ డబ్బులో సగం ఊళ్ళోనే ఖర్చు పెట్టమను. ఎదురింట్లోనో వెనక వీధిలోనో వండిపెట్టగలిగే ఒక ఆవిడ ఉంటుంది, ఆవిడకి నెలకింతని ఇస్తే అమ్మకి మోకాలు పట్టేసిన రోజున ఇద్దరికీ కూర వండుతుంది, అమ్మ నీ దగ్గరికి వచ్చిన రోజున సాయంత్రం తొంగి చూసి అన్నయ్య తిన్నాడో లేదో కనుక్కుంటుంది. బాత్‌రూంలో పట్టుకోవడానికి ఒక పైపు, జారని బండలు, ఒక కరెంటు కుక్కరు, గుమ్మంలో ఒక లైటు. వీటన్నిటికీ ఎంతవుతుందో లెక్క వేసి తమ్ముడికి పంపించు. హాస్టల్ అంటే తలనొప్పి ఒక్కసారిగా తీరిపోతుందని అబ్బాయి అనుకుంటున్నాడు. ఇలా అయితే కొంచెం కొంచెంగా తీరుతుంది, అదే ఇబ్బంది.

ఇక కూలి సంగతి. అడగొచ్చా అంటావేంటి తల్లీ, అడిగి తీరాలి. రోజుకి ఆరు గంటలు, ఏడేళ్ళు. అదే పనికి ముందున్న కుర్రాడికి 250 ఇచ్చినాయన ఈయనకి టీ, బజ్జీలతో సరిపెడుతున్నాడు. మన ఊళ్ళలో దీన్ని జాలి అంటారు, ఆయన కూడా నిజంగా అలాగే అనుకుంటూ ఉండొచ్చు, చెడ్డవాడని నేను అనడం లేదు. కానీ తెల్లవారి 5 గంటలకి మంచులో బిందెలు మోసే మనిషి దొరకడం ఎంత కష్టమో హోటల్ నడిపేవాళ్ళకి తెలుసు. కుర్రాళ్ళంతా హైదరాబాదు, చెన్నై పోతున్న ఊళ్ళు మనవి. అమ్మ అనుకుంటున్నట్టు ఆయన మీ అన్నయ్యని పొమ్మనడం అంత తేలికేం కాదు.

ఎలా అడగాలో చెబుతాను. పొద్దున రద్దీలో వెళ్ళొద్దు. పదకొండున్నరకి పొయ్యి ఆరాక, నువ్వూ అన్నయ్యా వెళ్ళండి, అమ్మని తీసుకెళ్ళకు, ఆవిడ మధ్యలో “పోన్లే బావూ” అనేస్తుంది. ముందు ఆయన చేసిన మంచి చెప్పు, అది నిజమే కదా, ఊళ్ళో ఇంకెవరూ పని ఇవ్వనప్పుడు ఆయనే ఇచ్చాడు. తర్వాత సూటిగా అడుగు: “బాబాయ్, వచ్చే నెల ఒకటో తారీకు నుంచి అన్నయ్యకి రోజు కూలి ఇవ్వాలి, ఎంతిస్తారు?” ఇస్తారా అని అడగొద్దు, ఎంతిస్తారు అని అడుగు. ఆయన మూడు మాటలంటాడు, నాకు బట్టీ వచ్చేశాయి. ఒకటి, “ఆడు గ్లాసులు పగలగొడతాడమ్మా”. అందరూ పగలగొడతారు, ముందు కుర్రాడు పగలగొట్టలేదా? రెండు, “డబ్బులు ఆడికేటి తెలుసు, ఎవడో లాక్కుంతాడు”. వారానికోసారి శనివారం అమ్మ ముందు అన్నయ్య చేతికి ఇవ్వమను. మూడు, “పింఛను ఆరువేలు వస్తంది కదా”. పింఛను వైకల్యానికి, కూలి పనికి. ఆయనకి వృద్ధాప్య పింఛను వస్తే హోటల్లో టీ ఊరికే పోస్తాడా?

250 ఒక్కసారిగా ఒప్పుకోకపోవచ్చు. అన్నయ్య ఆ కుర్రాడు చేసిన పనంతా చేస్తున్నాడా, కొంతే చేస్తున్నాడా అనేది నిజాయితీగా చూసుకో. సగం పని చేస్తే సగంతో మొదలుపెట్టినా పరవాలేదు, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ మాట్లాడదామని అప్పుడే చెప్పేయ్. అసలేమీ ఇవ్వనంటే? గొడవ పడి ఆ రోజే మానిపించెయ్యకు. అన్నయ్యకి ఆ హోటల్ అంటే పనితో పాటు పదిమంది పలకరింపులు కూడా. మానిపించే ముందు ఇంకో చోటు చూడు, పాల సేకరణ కేంద్రంలో క్యాన్లు కడగడం ఉంటుంది, కిరాణా కొట్లో బస్తాలు దించడం ఉంటుంది, ఉపాధి పనుల్లో మంచినీళ్ళు అందించే పని ఇలాంటి వాళ్ళకే ఇవ్వాలని చెబుతారు. వేరే చోట పిలుస్తున్నారని తెలిస్తే చాలాసార్లు మొదటాయనే దారికొస్తాడు.

అమ్మ భయం డబ్బులడిగితే పొమ్మంటారని మాత్రమే కాదని నా అనుమానం. పని చేసి సంపాదిస్తున్నాడని తెలిస్తే పింఛను తీసేస్తారని లోపల ఉంటుంది. 2025లో సదరం సర్టిఫికెట్లు మళ్ళీ తనిఖీ చేయించి నోటీసులిచ్చినప్పుడు మన జిల్లాల్లో ఎంతమంది తల్లులు బిడ్డల్ని పనికి పంపడం ఆపేశారో నేను చూశాను. అమ్మకి ఇలా చెప్పు: 75 శాతం అని రాసింది ఆయన టీ గ్లాసు మోస్తాడా లేదా అని చూసి రాయలేదు, తెలివితేటల పరీక్ష, రోజువారీ పనుల పరీక్ష పెట్టి రాశారు. ఆరు గంటలు గ్లాసులు కడిగినంత మాత్రాన అది మారదు. పింఛనుకి కుటుంబ ఆదాయం లెక్క ఒకటి ఉంటుంది కాబట్టి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని ముందే ఒకసారి అడుగు, రేషన్ కార్డులో తమ్ముడి పేరు ఇంకా ఉందేమో కూడా చూసుకో. చాలా ఇళ్ళలో చిక్కు అన్నయ్య కూలి దగ్గర రాదు, హైదరాబాదు జీతం దగ్గర వస్తుంది.

కూలి చేతికొచ్చాక దాన్ని అమ్మ కొంగులో ముడి వెయ్యనివ్వకు. మొత్తం కాకపోయినా కొంత ఆయన దగ్గరే ఉండాలి. లెక్కలు రావంటారు, రాకపోతే పోయాయి. నోట్లకి రంగులున్నాయి. పది చాక్లెట్ రంగు, యాభై నీలం, వంద లేత వంకాయ రంగు, ఐదొందలు బూడిద రంగు. రెండు ప్లాస్టిక్ డబ్బాలు కొని ఒక్కోదాని మీద ఒక నోటు బొమ్మ అతికించు. నీలం నోటు బయట ఖర్చుకి, వంకాయ రంగు దాచుకోవడానికి. మొదటి రెండు నెలలు ఆయన అందరికీ బజ్జీలు కొనిపెట్టి ఖాళీ చేస్తాడు, చెయ్యనీ, మొదటి జీతం మనమూ అలాగే చేశాం. ఇంకో విషయం, ఇప్పుడు హోటళ్ళలో ఫోన్‌తో డబ్బులు కొడితే ఒక పెట్టె గట్టిగా ఇంత వచ్చిందని చెబుతుంది కదా. చదవడం రాని వాళ్ళకి అది పెద్ద సాయం, డబ్బు పడిందో లేదో అన్నయ్య చెవితోనే పట్టేస్తాడు. హోటలాయనకి ఈ సంగతి చెబితే గల్లా దగ్గర కూడా కాసేపు కూర్చోబెట్టొచ్చు.

పని పెరిగితే కూలి పెరుగుతుంది కాబట్టి పని ఎలా నేర్పాలో కూడా రాస్తాను, ఇది నా సొంత సబ్జెక్టు, కొంచెం ఎక్కువ మాట్లాడినా ఓర్చుకో. పాత పద్ధతిలో మేం ఏం చేసేవాళ్ళమంటే, ముందు సెంటర్లో కూర్చోబెట్టి కొవ్వొత్తులు, కవర్లు, ఫినాయిలు చేయించేవాళ్ళం, బాగా నేర్చుకున్నాక బయట పని ఇప్పిద్దామని. ఆ “బాగా నేర్చుకున్నాక” ఎప్పటికీ వచ్చేది కాదు, పదేళ్ళు కవర్లే. ఇలాంటి వాళ్ళు ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి మోసుకెళ్ళడం కష్టం, అందుకే ముందు పనిలో పెట్టి అక్కడే నేర్పాలి. ఎవరో ఒకరు మొదటి వారాలు పక్కన నిలబడి చూపించి, మెల్లగా తప్పుకోవాలి. 1970లలో అమెరికాలో మార్క్ గోల్డ్ అనే ఆయన తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళ చేత సైకిల్ బ్రేకు భాగాలు వరసగా బిగించడం నేర్పించి చూపించాడు. వీళ్ళకి రాదని అప్పటిదాకా అందరూ అనుకున్న పని. పనిని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, తప్పు చేస్తే తిట్టకుండా ఇంకోలా చూపించడం, అంతే ఆయన చేసింది.

పలాసలో ఒక జీడి పరిశ్రమలో మేం ఒక అమ్మాయికి పప్పు ఏరడం నేర్పాం. గుండు, బద్ద, ముక్క వేరు చెయ్యాలి. నోటితో ఎన్నిసార్లు చెప్పినా కలిపేసేది, సూపర్‌వైజరు విసుక్కునేవాడు. ఆ అమ్మాయి పక్కన కూర్చునే ఒక ముసలావిడ, బడి మొహం చూడని మనిషి, ఒక్కో పళ్ళెం అంచుకి ఒక్కో పప్పు జిగురుతో అంటించేసింది. చేతిలో పప్పు, పళ్ళెం అంచున పప్పు, పోల్చుకుని వెయ్యడమే. మధ్యాహ్నానికి కుదిరిపోయింది. నాకు ట్రైనింగ్ సర్టిఫికెట్లు ఇన్ని ఉన్నాయి, ఆ జిగురు ఆలోచన నాకు రాలేదు. మీ అన్నయ్యకి సచివాలయంలో ఎన్ని టీలివ్వాలో తికమక వస్తుంటే గ్లాసుల స్టాండులో ఆరు కన్నాలుంటాయి కదా, ఒక్కో కన్నానికి ఒక్కో రంగు దారం కట్టు, అదే రంగు ఒక్కో బల్లకి అంటించమను. వెల్ఫేర్ అసిస్టెంట్‌కి ఎర్ర దారం టీ. నవ్వుకుంటారేమో, నవ్వుకోనీ.

సిరిమాను రోజు తప్పిపోవడం గురించి. అమ్మవారి సంబరానికి శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి కూడా జనం వస్తారు, అక్కడ మూడు లాంతర్ల సెంటర్ దగ్గర నేనే ఒకసారి మా ఆయన చెయ్యి వదిలి గంట తిరిగాను. నన్నెవరూ హాస్టల్లో పెట్టెయ్యమనలేదు. అయినా ఒకటి గమనించావా? తప్పిపోయిన మనిషి కాంప్లెక్స్‌కి చేరాడు. ఊరికి బస్సు ఎక్కడ దొరుకుతుందో ఆయనకి తెలుసు! ఏ బస్సో చదవలేకపోయాడు, అడగలేకపోయాడు, అంతే. జేబులో నీ నంబరు, తమ్ముడి నంబరు, ఊరి పేరు రాసిన కార్డు లామినేషన్ చేయించి పెట్టు. చేతి మీద ఫోన్ నంబరు పచ్చబొట్టు పొడిపించమని ఇలాంటప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వద్దు, ఆయన పశువు కాదు ముద్ర వెయ్యడానికి.

ఇంకా మంచి పని, నీ దగ్గరికి ఒంటరిగా రావడం నేర్పు. చీపురుపల్లిలో పాసింజర్ ఎక్కితే మధ్యలో పొందూరు వస్తుంది, తర్వాత దూసి, నాగావళి వంతెన దాటగానే మీ స్టేషను. బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, ఆమదాలవలస అని అడిగితే కొత్తవాళ్ళు తికమకపడతారు, కాబట్టి బోర్డు మీద ఆధారపడొద్దు, “ఏరు దాటగానే లేచి తలుపు దగ్గరికి” అని నేర్పు. నాలుగు ఆదివారాలు నువ్వు పక్కన కూర్చో, తర్వాత రెండు ఆదివారాలు అదే పెట్టెలో దూరంగా కూర్చో, ఆ తర్వాత ఆయన్ని చీపురుపల్లిలో ఎక్కించి మీ ఆయన్ని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టు. టెన్షన్‌గా ఉంటుంది, తెలుసు. ఒకసారి దాటిపోయి తిలారులో దిగుతాడు కూడా, కార్డు చూసి ఎవరో ఫోన్ చేస్తారు. అంతమాత్రానికి నేర్పడం ఆపకు.

అక్కడే అత్తగారి సంగతి కూడా తేలుతుంది. ఆవిడ భయం అర్థం లేనిదేం కాదు, రేపు ఒక మగమనిషి బరువు తన ఇంటి మీద పడుతుందేమోనని. నువ్వు దాటవేస్తున్న కొద్దీ ఆ భయం పెరుగుతుంది. “అన్నయ్య ఇక్కడికి కాపురానికి రాడు అత్తయ్యా, ఆయన పని ఊళ్ళో ఉంది, నెలకి రెండు రోజులు చుట్టంలా వచ్చి వెళ్తాడు” అని చెప్పెయ్. రెండు రోజులు వచ్చి, తిన్న కంచం కడిగి, తిరిగి రైలెక్కే మనిషిని చూశాక ఆవిడ మాటే మారొచ్చు. మారకపోయినా నీ గుండెలో బరువు కొంత దిగుతుంది.

కంచం అన్నాను కదా, ఇంట్లో అన్నయ్య ఏం చేస్తాడో నువ్వు రాయలేదు. పందెం వేసి చెబుతాను, హోటల్లో రెండొందల గ్లాసులు కడిగే మనిషి ఇంట్లో తిన్న కంచం అమ్మ చేతికే ఇస్తాడు. అమ్మే చోడి (రాగి) అంబలి కలిపి చేతిలో పెడుతుంది, అమ్మే చొక్కా తీసి మంచం మీద పెడుతుంది. ముప్పై ఏళ్ళ ప్రేమ అది, దాన్ని తప్పనలేను. కానీ నీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్నకి సగం జవాబు ఆ వంటింట్లోనే ఉంది. అమ్మ తర్వాత ఆయనకి కావలసింది అన్నం వండటం, మందు గుర్తుంచుకోవడం, తలుపు గడియ వేసుకోవడం, ఒంట్లో బాగోలేకపోతే ఎవరికో ఒకరికి చెప్పడం. కరెంటు కుక్కరు గిన్నెలో బియ్యం గీత ఒకటి, నీళ్ళ గీత ఒకటి చెరగని రంగుతో గీసిపెట్టు. అమ్మ ఉండగానే నేర్చుకోవాలి, అమ్మే నేర్పాలి, ఆవిడ చెప్పినట్టు ఇంకెవరు చెబుతారు. మండల కేంద్రంలో వైకల్యం ఉన్న పిల్లలకి పాఠాలు చెప్పే భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి ప్రత్యేక టీచరు బడి వయసు పిల్లలకే గానీ, ఒకసారి ఇంటికొచ్చి చూడమంటే కాదనరు, మేమంతా కబుర్లకి రెడీగా ఉండే మనుషులమే.

తర్వాత ఒక ఆదివారం ఊళ్ళో ఐదారుగురిని పిలిచి టీ ఇవ్వు. హోటలాయన, ఆశా కార్యకర్త, ఎదురింటావిడ, అన్నయ్యతో చిన్నప్పుడు బళ్ళో కూర్చున్న ఆటో అబ్బాయి, ఇలా. పెద్ద మీటింగ్‌లా వద్దు. “అమ్మ ఊళ్ళో లేని రోజు రాత్రి లైటు వెలగకపోతే నాకు ఫోన్ చెయ్యండి” అని ఒకరికి, “ఆసుపత్రికి వెళ్ళాలంటే నువ్వు తీసుకెళ్ళు, డబ్బులు నేను కొడతాను” అని ఇంకొకరికి. అందరూ చూస్తారంటే ఎవరూ చూడరు, పేరు పెట్టి ఒక్కొక్కరికి ఒక్కో పని చెప్పాలి. అన్నయ్యని కూడా అక్కడే కూర్చోబెట్టు, టీలు ఆయన చేతే ఇప్పించు.

కాగితాలు చివరికి పెట్టాను, విసుగు పని కాబట్టి, కానీ వదిలెయ్యకు. అన్నిటికంటే ముందు నాన్న పీఎఫ్ సంగతి. సర్వీసులో ఉండగా పోయారన్నావు, అమ్మకి పింఛను వస్తూ ఉండాలి. పీఎఫ్ పింఛను పథకంలో శాశ్వతంగా పూర్తి వైకల్యం ఉన్న బిడ్డకి వయసుతో పని లేకుండా జీవితాంతం పిల్లల పింఛను ఇవ్వాలని ఉంది. ఇది చాలామందికి తెలియదు, మిల్లు ఆఫీసుల్లో చెప్పరు కూడా. అన్నయ్యది ఆ నిర్వచనంలోకి వస్తుందో రాదో డాక్టర్లు పరీక్ష చేసి తేలుస్తారు, నువ్వయితే సర్టిఫికెట్ జత చేసి అర్జీ పెట్టు. రెండోది నిరామయ ఆరోగ్య బీమా, 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఉన్నది, మానసిక వైకల్యం ఉన్నవాళ్ళకి ఏడాదికి లక్ష రూపాయల దాకా, ముందుగా వైద్య పరీక్షలేవీ లేకుండా ఇస్తారు. మూడోది యూడీఐడీ కార్డు, అంటే దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు, సదరం ఉన్నా ఇది కూడా తీసుకో, రాష్ట్రం దాటితే ఇదే పనికొస్తుంది.

నాలుగోది సంరక్షకుల నియామకం. అన్నయ్యకి 18 దాటాయి కాబట్టి చట్టం లెక్కలో అమ్మ కూడా తనంతట తాను ఆయన బదులు సంతకం పెట్టలేదు. ఇలాంటి వైకల్యాలకి జిల్లా కలెక్టరు అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది, కోర్టుకి వెళ్ళక్కర్లేదు, వాళ్ళే సంరక్షకుల్ని నియమిస్తారు. నువ్వూ తమ్ముడూ మాట్లాడుకుని ఎవరో ఒకరు పెట్టండి. నియమించాక ఆరు నెలల్లో అన్నయ్య ఆస్తి వివరం కమిటీకి ఇవ్వాలి, ఏటా లెక్క చూపించాలి. నాన్న పేరున సెంటు భూమి ఉన్నా అందులో ఆయన వాటా ఉంటుంది, ఈలోగా ఎవరైనా చుట్టాలు కాగితం మీద అన్నయ్య వేలిముద్ర అడిగితే మర్యాదగా టీ ఇచ్చి పంపించెయ్యండి. ఒకటి మాత్రం గుర్తుంచుకో, సంరక్షకురాలివి అయ్యావంటే ఆయన తరఫున అన్నీ నువ్వే తేల్చెయ్యమని కాదు. 2016 చట్టం ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలనే అంటుంది. ఏ చొక్కా కొనాలో కూడా నువ్వే చెబితే నాకు కోపం వస్తుంది.

నువ్వుండేది శ్రీకాకుళం జిల్లా అయినా అన్నయ్య ఉండేది చీపురుపల్లి వైపు కాబట్టి అర్జీ విజయనగరం కలెక్టరేట్‌లోనే ఇవ్వాలి. వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసులో ఫారం అడుగు. నెల దాటినా కదలకపోతే సోమవారం అర్జీలు తీసుకునే రోజున వెళ్ళు, సదరం, ఆధార్, రేషన్ కార్డు, నాన్న మరణ ధ్రువపత్రం, ఫొటోలు రెండేసి సెట్లు పట్టుకెళ్ళు, రసీదు తీసుకోకుండా రావొద్దు. అన్నయ్యని కూడా తీసుకెళ్ళు, అడిగేవాళ్ళు ఆయన్నే అడగనీ, మాట ముద్దగా వచ్చినా మధ్యలో అందుకోకు. ఆ రోజు హోటల్‌కి సెలవని ముందు రోజే చెప్పించు, ఎవరో ఒకరు నీళ్ళు మోసుకోవాలి కదా.